కదలని నాట్ల గుంపు

నారు పోసిన రోజు, నాట్లేసిన రోజు, కోత కోసిన రోజు పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. బాన్సువాడకు కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఒక్క పంటకూ తప్పలేదు. అందుకే కచ్చితంగా చెప్పగలను, మొన్న వానాకాలంలో ఈ గొడవ జరిగిన ఆదివారానికి నా నారు వయసు ఇరవై ఎనిమిది రోజులు. ఇరవై అయిదు దాటితే నారు ముదురుతుంది, పిలకలు తగ్గుతాయి. ఎకరన్నర దమ్ము చేయించి, శనివారం సాయంత్రమే నారు పీకించి కట్టలు కట్టించాను. ఆరున్నరకు రావలసిన పద్నాలుగు మంది ఆడకూలీలు తొమ్మిదైనా రాలేదు.

రోజూ వాళ్లను తీసుకొచ్చే ఆటో అతను పదకొండింటికి గానీ దొరకలేదు. నిలదీస్తే నవ్వాడు.

"మంజీర ఏరు కాడ దించి వచ్చిన అవ్వా. పట్నం నుంచి ఎవరో వచ్చిండ్రు. వీళ్లను నిలబెట్టి ఏందో ఆట ఆడిస్తుండ్రు."

అదే ఆటో ఎక్కి వెళ్లాను. ఇసుకలో పద్నాలుగు మందీ వరసగా, ఒక్కొక్కరు ఒక నారుకట్ట గుండెకు హత్తుకుని, బొమ్మల్లా నిలబడి ఉన్నారు. ఎదురుగా గొడుగుల కింద పట్నం వాళ్లు, నలభై ముగ్గురు. బోర్డు మీద పది గంటలకని రాసి, పదీ నలభైకి మొదలుపెట్టారట.

దీనికంతటికీ కర్త అయిన గడ్డం అబ్బాయి నా దగ్గరికి మెల్లగా వచ్చాడు.

"అమ్మా, ఇది సైట్ స్పెసిఫిక్. ఈ స్థలంలో తప్ప ఇంకెక్కడా చేయలేం. నదిని పోగొట్టుకున్న శరీరాల మౌనం ఇది."

నది వంద గజాల అవతల పారుతూనే ఉంది. వేలు పెట్టి చూపించాను.

"నాట్లు కూడా అంతే నాయనా. నా మడిలో తప్ప ఇంకెక్కడా వేయలేను."

అతను దండం పెట్టి పక్కకు తప్పుకున్నాడు. నేను నేరుగా గుంపు పెద్ద ముందు నిలబడ్డాను. పదకొండేళ్లుగా నా పొలంలో నాట్లేస్తున్న మనిషి.

"ఏమే, మాటిచ్చి ఇదా చేసేది? అక్కడ నారు వాడిపోతోంది."

ఆమె పెదవులు కదలకుండా జవాబిచ్చింది. "మొకం తిప్పితే ఒప్పందం చెడుతదమ్మా. చెప్పు, వింటున్న."

"ఎంతసేపిలా?"

"ఒంటిగంట దాక. నడుము వంచేది లేదు. నడుమ కుర్చీలేసి చాయ్ పోస్తరట."

"రేపు ఆరున్నరకు రావాలి."

"ఎనిమిదికి వస్తం. పగటి బువ్వకు గంట కూసుంటం."

నేనిచ్చేది ఇరవై నిమిషాలు. గంటంటే మనిషికి నలభై నిమిషాలు ఎక్కువ, పద్నాలుగు మందికి తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. ఆ మాటే గట్టిగా అన్నాను.

"లెక్క నీ కాడ ఉంటదమ్మా. నడుము మా కాడ ఉంటది."

నవ్వు ఆపుకోలేక పద్నాలుగు జతల భుజాలు వణికాయి. ఒక్కరూ నోరు తెరవలేదు, ఒప్పందం మరి. పొలంలో వంగిన వీపులతోనే ఇన్నాళ్లూ మాట్లాడాను. నిటారుగా నిలబడితే ఆమె నాకంటే జానెడు పొడవని ఆరోజే తెలిసింది. వెనక నలభై మూడు ఫోన్లు లేచి ఉన్నాయి.

"సరే, ఎనిమిదికే రండి. గంట కూర్చోండి" అన్నాను.

చప్పట్లు మోగాయి. గడ్డం అబ్బాయి కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. ప్రదర్శనకంతటికీ ప్రాణం పోసింది నేనేనట. హైదరాబాద్ వచ్చి మళ్లీ అలాగే అరవాలట.

"ఇంకెక్కడా చేయలేమన్నావుగా?" అని ఆటో ఎక్కాను.

సోమవారం ఎనిమిదీ అయిదుకు వాళ్లు మడిలో దిగారు. పగలు గట్టు మీద తిని, కాళ్లు చాపుకుని కూర్చున్నారు. నేను వాచీ చూస్తూనే ఉన్నాను. యాభై నిమిషాలకే పెద్దామె కొంగు దోపుకుని లేచింది.

"ఇంకా పది ఉన్నాయి" అన్నాను.

"మాకెరికే. నీళ్లు తాగుదామని లేసిన" అంది. తాగి వచ్చి మళ్లీ కూర్చుంది.

చీకటి పడేసరికి ఎకరన్నర, అంటే అరవై గుంటల్లో, పన్నెండు మిగిలాయి. మంగళవారం పొద్దున పూర్తి చేశారు. నారుకు ముప్పై రోజులు. పుస్తకంలో ఆ పొలానికి ఏటా 'నాట్లు: ఒక రోజు' అని రాస్తూ వచ్చాను. ఈసారి 'రోజుంపావు' అని రాశాను. పాత పేజీలు తిరగేసి చూశాను. ఇన్నేళ్లూ ఆ పావు రోజు వాళ్ల నడుముల్లోంచి తీసుకుని, ఒక రోజని రాసుకున్నాను. నా లెక్క తప్పు.