అవ్వ పాటించిన ఆషాఢం

అవ్వ పోయిందని ఫోను వచ్చేసరికి నేను ధర్మవరంలో ఒక మగ్గం వాళ్ళింట్లో కూర్చుని మా కొట్టుకు చీరలు ఏరుతున్నాను. పుట్టపర్తి ఆసుపత్రిలో పొద్దున గుండె ఆగిపోయిందని నా బావమరిది చెప్పాడు. ముందు భయమేసింది. ఏడుపు దాని వెనక వచ్చింది. ఆమె నా భార్యకు అవ్వ, తల్లి లేని పిల్లను పెనుకొండలో పెంచి పెద్దచేసిన మనిషి. మా పెళ్లి నిజమైన పెళ్లేనని ఆస్ట్రేలియా వీసా ఆఫీసుకు సాక్ష్యం చెప్పింది కూడా ఆమే. ఆ దరఖాస్తు ఇంకా తేలలేదు. సాక్షి పోయాక సాక్ష్యం చెల్లుతుందో చెల్లదో నాకు తెలియదు. చీరలాయన చెంబుతో నీళ్లిచ్చి "ఎవురప్పా పోయింది?" అంటే "మా అవ్వ" అన్నాను.

మాది హిందూపురంలో బట్టల కొట్టు. నా భార్య ఆస్ట్రేలియాలో నర్సు, అక్కడే స్థిరనివాస హక్కు తెచ్చుకుంది. అందరి కాపురాలూ పాలు పొంగించి మొదలవుతాయి. మాది మాత్రం నన్ను పిలిపించుకోవడానికి ఏమేం దారులున్నాయో కనుక్కోవడంతో మొదలైంది. కాబోయే భర్తగా ముందే రప్పించుకుని అక్కడ పెళ్లి చేసుకునే దారి ఒకటుంది. దాన్ని అవ్వ మొదటి మాటకే కొట్టిపారేసింది. "పెండ్లి గాకనే పిల్లోన్ని దేశం దాటించేది ఏందప్పా? వాళ్ళింట్లో ఒప్పుకున్నా నేనొప్పుకోను" అంది. అందుకని ఇక్కడే పెళ్లయింది. తర్వాత ఒకసారి చూసి వద్దామని విజిటర్ వీసా అడిగితే, పెళ్లాం అక్కడుంటే తిరిగొస్తాడన్న నమ్మకం లేదని రాశారు. సరే, భర్తగానే వస్తానంటే, ఆమె నిజంగా నీ పెళ్లామేనా అన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వాళ్లకు ఆ అనుమానం రావడానికి కారణం అవ్వే. నా భార్యకు సెలవు దొరికింది జ్యేష్ఠం చివర్లో. ఆఖరి ముహూర్తానికి పెళ్లయింది, నాలుగు రోజులకు ఆషాఢం వచ్చేసింది. కొత్త కోడలు ఆషాఢంలో అత్తగారింట్లో ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తగారి గడప దాటకూడదు. అత్త లేని ఇంట్లో ఆ స్థానం అవ్వది. కాబట్టి నా భార్య పెనుకొండలో, నేను హిందూపురంలో. సెలవంతా కరిగిపోతోందని నేను మొత్తుకుంటే "నెల ఓర్చుకోలేనోనివి నూరేండ్లు ఎట్ల కాపురం చేస్తావప్పా?" అని అవ్వ నవ్వింది.

నేను రోజూ కొట్టు మా తమ్ముడికి అప్పగించి పెనుకొండ బస్సెక్కేవాణ్ణి. బయట అరుగు మీద నేను, గడప లోపల ఆమె, మధ్యలో అవ్వ. చేటలో విత్తనానికి శనక్కాయలు ఒలుస్తూ కూర్చునేది. తిండి వేళకు సంగటి, ఊరుబిండి పచ్చడి పట్టుకుని తనే బయటికొచ్చి వడ్డించేది. గడప మీదుగా ఏదీ చేతికివ్వకూడదట. తన పుట్టిల్లు ధర్మవరం కావడంతో నేను ఏ చీర తెచ్చినా మాట్లాడకముందే అంచును బొటనవేలితో రుద్ది చూసేది. బాగుంటే ఏమీ అనేది కాదు. బాగాలేకపోతే "ఇది ఎవురికి అమ్ముతావో గాని, పాపమప్పా" అనేది. ఆ నెలంతా మేమిద్దరం ఒక్క ఫోటో కూడా దిగలేదు. పెద్దామె ముందు పక్కపక్కన నిలబడడానికి మాకు సిగ్గు. ఆ సిగ్గు ఎంత పని చేస్తుందో అప్పుడు తెలియలేదు.

నా భార్య తిరిగి వెళ్లాక భర్తను స్పాన్సర్ చేస్తూ దరఖాస్తు పెట్టింది. చాలా నెలలకు ఒక మెయిలు వచ్చింది. పెళ్లయ్యాక భార్య ఇండియాలో ఉన్న కాలంలో చాలావరకు మీరిద్దరూ వేరువేరు ఊళ్లలో ఎందుకున్నారు, కలిసి ఉన్నట్టు ఆధారాలేవి అని. జవాబు సరిపోకపోతే తోసిపుచ్చుతారట. మా ఊళ్లు ఎన్నడూ చూడని ఒక ఆఫీసరు మాది దొంగ పెళ్లి అని ఒక్క వాక్యం రాస్తే చాలు, అయిపోయింది. ఆ రోజు నుంచి ఫోను మోగితే భయం, మోగకపోతే భయం. నా భార్య వీడియో కాల్‌లో ఏడుస్తుంటే ఓదార్చే ముందు స్క్రీన్‌షాట్ తీసుకునేవాణ్ణి, అదీ ఆధారమే కదా అని.

సాక్షిగా అవ్వ పేరిచ్చాం. ఫోను చేసి అడుగుతారని తెలిశాక, వీసా పనులు చూసే కన్సల్టెంటు హిందూపురం నుంచి నాతోపాటు పెనుకొండకు వచ్చాడు.

"అవ్వా, ఆషాఢం గీషాఢం వాళ్ళకు అర్థం గాదు. ఇద్దరూ ఒగే ఇంట్లో ఉండిరి అని చెప్పు, సాలు" అన్నాడు.

"ఉండలేదు గదప్పా."

"వెయ్యి అబద్దాలు చెప్పయినా ఒగ పెండ్లి చెయ్యమన్నారు గదవ్వా."

"పెండ్లికి చెప్పినారు. కాపురానికి చెప్పలే" అంది అవ్వ.

ఆయన నా వైపు చూశాడు. నిజం చెప్పాలంటే నేనూ ఆ అబద్ధమే చెప్పమని కళ్లతో బతిమాలుతున్నాను. అవ్వ చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఫోను ఒక మధ్యాహ్నం వచ్చింది. అటు ఆఫీసరు ఇంగ్లీషులో అడుగుతుంటే ఒక దుబాసీ అమ్మాయి తెలుగులో చెబుతోంది. స్పీకరు పెట్టిన ఫోనుకు చెవి ఒగ్గి నేను అరుగు మీద కూర్చున్నాను.

"పెళ్లయ్యాక ఇద్దరూ ఎక్కడున్నారమ్మా?"

"ఆ యమ్మి ఈడ. ఆ యప్ప హిందూపురంలో."



"ఎందుకలా?"

"ఆషాఢం గదమ్మా. నేనే గడప దాటనియ్యలే. మీ ఇండ్లల్లో పాటించరా?"

"పాటిస్తామమ్మా" అంది ఆ అమ్మాయి మెల్లగా. తర్వాత అదంతా ఇంగ్లీషులో చెప్పింది. ఆఫీసరు ఇంకొకటి అడిగాడు. వాళ్లది నిజమైన కాపురమని మీరెలా చెప్పగలరు అని.

"లోపలికి రానియ్యనని తెలిసీ దినామూ వచ్చినాడు. వానొచ్చినా అరుగు మింద తడస్తా కూసున్నాడే గాని లేసి పోలేదు. ఆ యమ్మి వాకిట్లో నుంచి కదల్లేదు. కాపురం అక్కరలేనోళ్ళు ఎందుకమ్మా అంత అగసాట్లు పడేది?"

ఫోను పెట్టేశాక అవ్వ "నేను చెప్పింది తప్పా?" అని అడిగింది. అంత గట్టి మనిషి గొంతులో అంత బెదురు నేనెప్పుడూ వినలేదు. కాదన్నాను. కాదో అవునో నాకూ తెలియదు.

ఆ తర్వాత అవ్వ మునుపటిలా లేదు. ఎప్పుడు వెళ్లినా "ఏమన్నా వచ్చెనా?" అన్నదే మొదటి మాట. ఇంకా రాలేదంటే "నా ఆషాఢం మీ కొంప ముంచెనేమో" అని గొణుక్కునేది. వీడియో కాల్ వస్తే ఫోనును చెవికి ఆనించుకుని మనవరాలికి తన చెవిని మాత్రమే చూపించే ఆ మనిషి, కొన్నాళ్లకు ఫోటోల మీద పడింది. నేను గడప దాటి లోపలికి వస్తే ఫోటో, మనవరాలు కాల్‌లో ఉండగా నేను తింటుంటే ఫోటో. మనవడిని, అంటే నా బావమరిదిని, పిలిచి "తీస్తివా? ఇద్దరూ పడిరా?" అని అడిగేది. మా కాపురం కోసం ఇంతగా భయపడినవాళ్లు మా ఇద్దరి తర్వాత ఆమె ఒక్కతే. ఆ భయం పోగొట్టే కబురు ఒక్కటి ఆమెకు వినిపించలేకపోయాను. ఆ బాధ ఇక తీరేది కాదు.

కర్మకు నా భార్య సెలవు పెట్టి వచ్చింది. మళ్ళీ ఎప్పుడు వస్తుందో, నేనెప్పుడు వెళతానో ఇద్దరమూ మాట్లాడుకోలేదు. దండ వేసిన అవ్వ పటం ముందు పక్కపక్కన కూర్చున్నాం. నేలకు తల ఆనించి దండం పెట్టిన ఆమె మళ్ళీ లేవలేక వెక్కి వెక్కి ఏడ్చింది. నేను భుజం పట్టుకున్నాను. బావమరిది అలవాటుగా ఫోను పైకెత్తాడు. మమ్మల్ని చూసి, తప్పు చేసినవాడిలా దించేశాడు.

నా భార్య అది గమనించింది. ఏడుస్తూనే లేచి కూర్చుని, మొహం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకుంది. పటం మాకు అడ్డం రాకుండా, మేము పటానికి అడ్డం రాకుండా నా వైపు జరిగింది.

"తియ్యిరా" అంది తమ్ముడితో. "ముగ్గురమూ పడతాండామా చూడు."