అయ్యవారి పంచె మీద పిడికెడు బొరుగులు

ఐదో తరగతి దాటని చెయ్యి ఇది. అక్షరాలు వంకర పోతాయి, ఒత్తులు తప్పుతాయి. చదివేవాళ్లు కోపగించుకోకుండా సర్దుకోవాలి. మా అయ్యవారు పోయినారు. గోస్పాడు దగ్గర మా ఊరి మిషను బడిలో మాకు చదువు చెప్పిన మనిషి. ఆళ్లగడ్డలో తన ఇంట్లోనే, పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి పోయినారట. బస్సు కండక్టరు చెబితే తెలిసింది. ఈ పత్రిక చదివేవాళ్లలో ఆ బడి పిల్లలు ఉంటారని రాస్తున్నాను.

బడిలో ఒక కుర్చీ ఉండేది. దాని మీద సుద్దముక్కల డబ్బా కూర్చునేది, అయ్యవారు మాతో పాటు బండల మీద కూర్చునేవారు. శనివారం ప్రతి పిల్లవాడూ ఇంటి నుంచి పిడికెడు బొరుగులు తేవాలి. ఆయన ఉతికిన పంచె పరిచి అన్నీ దాని మీదే పోయించేవారు. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తరిగి వేసి రెండు చేతులా కలిపేవారు. ఏ ఇంటి పిల్లవాడైనా ఆ పంచె చుట్టూ కూర్చుని తినాలి.

ఒకసారి ఒక పెద్ద రైతు బడి మీదికి వచ్చాడు.

"ఏందప్పా అయ్యోరా, ఎవురెవురి బొరుగులో మావోనికి తినిపిస్తాండావంట?"

అయ్యవారు పంచె అంచు పట్టుకుని ఆయన ముందుకు జరిపారు. "మీవోడు తెచ్చినేటివి యావో ఏరుకోని తీస్కపోప్పా."

రైతు కాసేపు బొరుగుల వంక చూసి వెళ్లిపోయాడు. మేము పకపకా నవ్వాం. "నవ్వద్దు. రేపు మీరూ పెద్దోళ్లయితారు" అన్నారు అయ్యవారు.

నేను నోరు లేనివాణ్ణి. పాఠం అప్పజెప్పలేక ఏడిస్తే, "నీకు మాట వచ్చినప్పుడే చెప్పు, నాకేం బండి పోతాండాదా" అనేవారు.

నెల తిరక్కముందే నంద్యాలలో ఆయన జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పెట్టినవాడు మాతో చదివినవాడే. ఇప్పుడు బేతంచెర్లలో బండల పాలిషు ఫ్యాక్టరీ ఉంది. అయ్యవారి భార్యను మేమంతా అమ్మ అనే పిలుస్తాం; ఆమె అతన్ని అడిగింది ఒక్కటే. చివర్లో అందరూ ఆ పంచె చుట్టూ కూర్చుని బొరుగులు తినాలి. ఆ ముసలి ప్రాణం పంచె, బొరుగుల మూట పట్టుకుని ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చింది.

షామియానా కింద కుర్చీలు, కుర్చీల్లో సఫారీ సూట్లు. మా ఊరి కూలివాళ్లు, వాళ్లూ ఆయన శిష్యులే, బయట ఎండలో నిలబడ్డారు. పాస్టరు ప్రార్థన అయ్యాక అమ్మ మూట విప్పబోయింది. ఫ్యాక్టరీ ఆయన పరుగున వచ్చాడు.

"ఇప్పుడు ఇదేందమ్మా! పెద్దోళ్లు వచ్చిండారు, నామోషీ. లోపల టిఫిన్ పెట్టిస్తాండా. ఈటిని పొట్లాలు కట్టి బయటోళ్లకు పంచుతాంలే."

"బయటోళ్లెవురప్పా?" అంది అమ్మ.

అతను అప్పటికే వేదిక ఎక్కాడు. మైకు పట్టుకుని ఆ శనివారాల కథే చెప్పాడు. అందరం ఒకే పంచె మీద తిన్నామంటూ కండ్లు తుడుచుకున్నాడు. చప్పట్లు మోగాయి. చెప్పడానికే రోత, వాటిలో నా చేతులూ కలిశాయి. వెనక పాత పేపర్లు చింపి బొరుగులు పొట్లాలు కడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

లేచి "పంచె పరవండప్పా" అంటే చాలు. నోరు రాలేదు. ఆ మనిషి మీద అసహ్యం ఇప్పటికీ పోలేదు. నా మీద ఇంకా ఎక్కువ.

అమ్మను దిగబెట్టడానికి ఆళ్లగడ్డ బస్సెక్కాను. మడత విప్పని పంచె ఒళ్లో పెట్టుకుని ఆమె కిటికీ పక్కన కూర్చుంది. దిగేటప్పుడు అంది: "నువ్వన్నా ఒగ మాట అనకపోతివే, నాయనా."

నాకు మాట ఇప్పటికి వచ్చింది. ఉగాది దాటాక వచ్చే మొదటి శనివారం మా బడి వసారాలో కూడుకుందాం. మైకు ఉండదు, కుర్చీలు ఉండవు. ఎవరి పిడికెడు వాళ్లు తెచ్చుకోవాలి. ఫ్యాక్టరీ ఆయన కూడా రావచ్చు, కింద కూర్చోగలిగితే.

ఎంతమంది వస్తారో తొందరగా ఈ పత్రిక అడ్రసుకే ఒక కార్డు ముక్క రాయండి. వచ్చేవాళ్లను బట్టి ఆ పాత పంచెకు ఇంకొన్ని పంచెలు జత చేసి కుడతానంటోంది అమ్మ. ఆమెకు చూపు ఆనదు, సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చాను. ఎన్ని పంచెలు కలపాలో తెలియక, ఆ సూదిని పంచె అంచుకు గుచ్చి పెట్టుకుని కూర్చుంది.