తుపాకి గొట్టం కోసం నేను రాసిన అర్జీ

మా నాయన తుపాకిని ఊడగొట్టిన అర్జీ నేనే రాశాను. చక్కటి తమిళంలో, తప్పులు లేకుండా, రెండుసార్లు చదువుకుని మరీ రాశాను.

తమిళనాడులో గుడియాత్తం అవతల కొండ కింద మాకు రెండెకరాల శనక్కాయ చేను. కొండలోంచి పందులు దిగితే చేను దున్నేసినట్టు ఉంటుంది. గాల్లో పేల్చి వాటిని తరమడానికి నాయనకు పంట కాపలా లైసెన్సు మీద ఒక మందు కూరే తుపాకి ఉండేది. దాని విషయంలో ఆయనకున్నంత భయభక్తి దేవుడి దగ్గర కూడా లేదు. ఎన్నికలొస్తే అందరికన్నా ముందు స్టేషన్లో అప్పగించి వచ్చేవాడు. చెదలు పట్టిన చెక్క పిడి మార్పిస్తే, ఆ సంగతి కూడా లైసెన్సు పుస్తకంలో ఎక్కించుకున్నాడు. పుస్తకంలో లేనిది చేతిలో ఉంటే ఆయనకు అన్నం దిగదు.

అమ్మకు పక్షవాతం వచ్చాక కష్టం మొదలైంది. తుపాకి పేలినప్పుడల్లా మంచం మీద అదిరిపడి, మాట రాని నోటితో ఏడ్చేది. నాయన చూడలేకపోయాడు. టౌన్లో లేత్ షాపు వాడితో ఒక గొట్టం చేయించి తుపాకి మూతికి తగిలించాడు. చేలో పందికి చాలినంత చప్పుడు ఉండేది, ఇంట్లో అమ్మ మాత్రం కదిలేది కాదు.

అంతలో లైసెన్సు రెన్యువల్ వచ్చింది.

"అమ్మా, ఈ గొట్టం గూడా బుక్కులో ఎక్కియ్యాల. నువ్వే రాయమ్మా. నాకు తెలుగూ రాయను రాదు, అరవమూ రాదు," అన్నాడు నాయన నాతో.

నాకు అప్పుడే అణైకట్ దగ్గర సర్కారు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. నా మీద కేసులేవీ లేవని తేల్చే పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. చదువుకున్నదాన్నన్న పొగరు కూడా ఉండేది. 'చప్పుడు తగ్గించే గొట్టం' అని రాసి, కింద స్కేలు పెట్టి గీత గీశాను.

వేలూరు ఆఫీసులో ఆ గీత దగ్గరే ఇద్దరు గుమాస్తాలు ఆగిపోయారు. ముసలాయన, ఇది ఉత్త ఇనప ముక్క, పుస్తకంలో రాసి పంపించు అన్నాడు. రెండో ఆయన చట్టం పుస్తకం తెరిచాడు. ఇలాంటి సామాను మామూలు మనిషికి ఇచ్చేదే కాదు, దగ్గర పెట్టుకుంటేనే జైలు అన్నాడు. వాళ్ళు అరగంట వాదించుకున్నారు. నాయన ఇద్దరికీ మార్చి మార్చి దండం పెట్టాడు. చివరికి తుపాకి తీసుకుని బీరువాలో పెట్టి, మమ్మల్ని వాళ్ళ పై ఆఫీసరు, పెద్దాయన గదిలోకి పంపించారు. ఆయన తిరుపత్తూరు వైపు తెలుగాయనే. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత వెర్రిదాన్ని!

"నీకు లైసెన్సు ఎందుకిచ్చినారు? చప్పుడు చేసి పందుల్ని తోలేదానికి. ఆ చప్పుడే లేకుండా చేసుకుంటివి. అడివిలో యేటాడతా ఉండావా?"

"లేదు సామీ. ఇంట్లో ఆడమనిషి మంచంలో ఉండాది. ఆమె నిద్దరపోవాల గదా."

నిజం అంత అబద్ధంలా వినపడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"కేసు రాయాల్సిందే. ఈ అర్జీ రాసిచ్చిన వాళ్ళకీ ఇందులో పాలు ఉండాది. ఎవురు రాసింది?"



"నేనే రాసినా సామీ," అన్నాడు నాయన.

పెద్దాయన అర్జీలోని గుండ్రటి అక్షరాలు చూశాడు, నాయన చేతులు చూశాడు. తెల్లకాగితం, పెన్ను ముందుకు తోశాడు. "అట్లయితే ఇంగోసారి రాయి."

నాయన కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆయనకు వచ్చినవల్లా తన పేరులోని నాలుగు తమిళ అక్షరాలు. చెమట కారుతుండగా వాటినే రాశాడు. దాని కింద మళ్ళీ వాటినే రాశాడు. నేను వెనక నిలబడి ఉన్నాను. 'నేను రాశాను సార్' అంటే సరిపోయేది. బడి, ఉద్యోగం, విచారణకు రాబోయే పోలీసు, అన్నీ లెక్క వేసుకున్నాను.

మూడోసారి తన పేరు మొదలుపెడుతూ, తల ఎత్తకుండా అన్నాడు: "నువ్వు బయట కూర్చో పోమ్మా."

వెళ్ళి కూర్చున్నాను.