సీట్లు లేని పెళ్లి కారు

నా లెక్క వల్ల ఒక పెళ్లి ఆగిపోయేంత పనయింది. ఆ లెక్కలో కూడికలు తప్పలేదు, తీసివేతలూ తప్పలేదు. అందుకే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నా దగ్గర ఒక చిన్న ఫ్రెంచి కారు ఉండేది. వెనక డిక్కీ తలుపు నిలువునా పైకి లేచే రకం. అదే కారుకు ఆ దేశంలో పోటీల కోసం తేలికపాటి రూపం ఒకటి ఉందనీ, అనవసరమైనదంతా పీకేయడం వల్ల అది బాణంలా పోతుందనీ ఒక పత్రికలో చదివాను. బరువుకూ వేగానికీ గల సంబంధాన్ని అంకెల్లో చూపించారు. అంకెల్లో చూపిస్తే నేను నమ్మనిది లేదు. రిటైరైన మనిషి చేతికి స్పానరు అందకూడదని మా ఆవిడ ముందే హెచ్చరించింది. ఆ హెచ్చరికలో అంకెలు లేవు కనుక లెక్కలోకి తీసుకోలేదు.

డ్రైవరు సీటు మినహా అన్ని సీట్లూ, స్టెప్నీ, రేడియో, నేలమీది తివాచీ, చప్పుడు రాకుండా దాని కింద పరిచిన దళసరి గుడ్డ విప్పేశాను. శ్రీకూర్మం అవతల సముద్రపు ఒడ్డున చేపల వ్యాపారం చేసే మా బావ షెడ్డులో కాటా ఉంది. ఒక్కొక్కటీ దానిమీద తూచాను.

అక్కడ చేపలు ఏరుతున్న సూరమ్మ చూసి, "ఏటి బాబూ, సీటు కేజీ ఎంతకిత్తావు? పులుసుకొస్తాదా?" అంది.

నేను గంభీరంగా ఎనభై ఒక్క కిలోలని మొత్తం వేసుకుని, సామానంతా షెడ్డులోనే ఉంచి, కారెక్కాను. నిజంగానే అది లేడిలా ఉరికింది.

మర్నాడు బావ కూతురు సుజాత పెళ్లి. మేనమామనైన నేనే ఆ పిల్లను శ్రీకాకుళంలోని మండపానికి తీసుకువెళ్లాలి. పొద్దున్నే సీట్లు బిగించవచ్చని నా ప్రణాళిక. అయితే ఆ రాత్రి పడవలకు వేట బాగా పడింది. తెల్లారేసరికి నా సీట్లమీద కోనాం చేపల పెట్టెలు కొండలా ఉన్నాయి. ఐసు కరిగి, చేపల నీళ్లు స్పాంజిలోకంటా దిగాయి.

అప్పటికే వ్యాన్లన్నీ బంధువులతో వెళ్లిపోయాయి. ఇంటి దగ్గర పెళ్లికూతురు, ఆమె తల్లి అయిన మా చెల్లెలు, మా అమ్మ మిగిలారు.

"అన్నయ్యా, సీట్లేవీ?" అంది చెల్లెలు.

"ఉన్నాయి. వాసనే కొంచెం..."

"పట్టుసీర కట్టిన పిల్లని ఆటిమీద కూకోబెడతావా? పీటల కాడ పంతులుగారు కళ్లు తిరిగి పడిపోతారు!"

"కంగారు పడకు. కారు చాలా వేగంగా పోతుంది. ఎనభై ఒక్క కిలోలు తగ్గించాను."

"నువ్వు తగ్గించినవన్నీ మేం కూకునేవే కదరా!" అంది అమ్మ.

చెల్లెలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ముహూర్తం దాటిపోతే మగపెళ్లివారికి ఏమని చెప్పాలి? అప్పుడు అమ్మ మూలనున్న అలంకరించిన గంప వైపు చూసింది. మా వైపు పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామే పీటల దగ్గరకు మోసుకువెళ్లాలి.

"ఎలాగూ మొయ్యాల్సినోడివే. మండపం దాకా ఆగడం ఎందుకురా? ఇక్కడే ఎక్కించు."

గంపను కారులో పెట్టి, అందులో సుజాతను కూర్చోబెట్టాం. అమ్మా చెల్లెలూ బొంత మీద కూర్చుని చెరోవైపు గంప అంచు పట్టుకున్నారు. దళసరి గుడ్డ లేకపోవడంతో ప్రతి గులకరాయీ అడుగున డప్పు వాయించింది.

"మావయ్యా, బ్రేకెయ్యకు! గంప నీ మీదకొచ్చేస్తాది!"

వేయలేదు. వేయనవసరం లేనంత మెల్లగా నడిపాను. జిల్లాలోకెల్లా తేలికైన ఆ కారును ఒక గడ్డి ట్రాక్టరు దాటిపోయింది. దాని డ్రైవరు వెనక్కి తిరిగి గంపలోని బాసికాన్ని చూసి నమస్కారం పెట్టాడు.

మండపం చేరేసరికి పంతులుగారు వధువును తీసుకురమ్మని రెండోసారి కేకేస్తున్నారు. సుజాతకు కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోయింది. డిక్కీ తలుపెత్తి, బావ తమ్ముడూ నేనూ గంపను గంపలాగే దించి, తిన్నగా పీటల దగ్గర పెట్టాం. ముహూర్తం దక్కింది.

పెళ్లికొడుకు తండ్రి ముక్కున వేలేసుకున్నాడు. "ఇంటి కాడ్నుంచీ గంపలోనే తెచ్చినారా? మేనమావంటే ఇలాగుండాల!"

"అవును బాబూ," అంది అమ్మ, కనురెప్ప కదపకుండా. "మావోడికి ఆచారమంటే పానం. అందుకే సీట్లు కూడా పీకేసినాడు."

భోజనాలు ముగిసేలోగా రెండు కుటుంబాలవారు వచ్చి, తమ ఇళ్లలో పెళ్లిళ్లకు కారు ఇమ్మని అడిగారు. సీట్లు బిగించవద్దని మరీమరీ చెప్పారు.

అగ్నిహోత్రం చుట్టూ వధూవరులు నడుస్తుండగా నేనూ ఒక ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ బోల్టు విప్పాలన్నా, అది ఎన్ని గ్రాములని కాక, దానిమీద ఎవరు కూర్చుంటారని ముందు అడుగుతాను.