అల్మారా వెనక మూసిన జాలీ

ఒక అబద్ధాన్ని మూడు చలికాలాలుగా మోస్తున్నాను. బరువు అనేది మామూలు మాట. ఇది అంతకంటే చిన్నది, ఇంకా నీచమైనది. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో. పాప నిద్రపోయింది. అది లేచేలోపు రాసేయాలి.

ఈ చలిదేశంలో వాల్డార్ఫ్ అనే ఊరి దగ్గర మేం కొన్నది పాత ఇల్లు. ఇక్కడ చాలా ఇళ్లలో గదిని వేడిచేసే రేడియేటర్లు గోడకుంటాయి. మా ఇంట్లో అవి లేవు. కింద కెల్లర్‌లో, అంటే భూమిలోపలి అంతస్తులో, ఒక ఫర్నేస్ ఉంది. అది గాలిని వేడి చేసి గొట్టాల గుండా గదులకు పంపుతుంది, చల్లబడిన గాలిని మళ్లీ వెనక్కి లాక్కుంటుంది. ఆ కెల్లర్‌లోనే ఒక గది కట్టించాం. గాలి ఎటునుంచి రావాలో, ఎటు పోవాలో నేనే నిర్ణయించాను. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. వేడిగాలి కిటికీ పైన సీలింగ్‌లోంచి వస్తుంది. ఎదురు గోడకు, నేల నుంచి జానెడు ఎత్తులో, అది తిరిగి వెళ్లే దారి. దానికో తెల్ల జాలీ. వెళ్లే దారి మూస్తే వచ్చే గాలి కూడా సరిగా రాదు, తేమ గదిలోనే ఉండిపోతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశాననే మాట నాకు దక్కదు.

ఆ గదిలోకి మౌనిక వచ్చింది. కరీంనగర్ అమ్మాయి. మాస్టర్స్‌కు వచ్చి, ఎక్కడా గది దొరక్క, తెలిసినవాళ్ల ద్వారా మా ఇంటికి చేరింది. మొదటిరోజే నన్ను అక్కా అంది. మా పాప అప్పటికి నెలల పిల్ల. నెలలు నిండకుండానే పుట్టింది. దాని పక్కన కూర్చుని ఊపిరి వింటూ ఉండటమే నా పని.

ఆ చలికాలం మౌనికకు జలుబు చేసింది. పైకి రావద్దన్నాను, రాలేదు. అయినా నాకు ఒకటే ఆలోచన. ఆమె దగ్గిన గాలి ఆ జాలీలోంచి ఫర్నేస్‌కు, అక్కడినుంచి పాప గదిలోకి వస్తోందని. నేను గీసిన దారే కదా. మధ్యలో ఫిల్టర్ ఉంది. అదీ తెలుసు. భయానికి ఫిల్టర్ సరిపోలేదు. ఆమె క్లాసుకు వెళ్లినప్పుడు కిందికి దిగి, డైపర్ల అట్టపెట్టె కోసి, జాలీ మీద పెట్టి చుట్టూ టేపు వేశాను. అల్మారాను దాని ముందుకు జరిపాను. గది పెద్దగా కనిపిస్తుందని జరిపానని చెప్పాను. మంచిగుంది అక్కా అంది.

జలుబు తగ్గాక తీసేద్దామనుకున్నాను. తగ్గింది. తీయలేదు. ఎందుకు? పాప ఆ చలికాలం ఒక్కసారి కూడా జబ్బు పడలేదు. ఆ అట్టముక్కే కాపాడిందని నమ్మాను. చదువుకున్నదాన్ని, నమ్మాను.

మరుసటి చలికాలానికి కింది గది గోడకు నల్లగా బూజు పట్టింది. అల్మారా వెనక మొదలై కిటికీ మూల దాకా పాకింది. మౌనికే మమ్మల్ని పిలిచి చూపించింది. అప్పటికే ఆమెకు దగ్గు వదలడం లేదు.

“గాలి బాగానే తిరుగుతుందన్నావు కదా?” అని మా ఆయన నా వైపు చూశాడు.

ఈ దేశంలో గోడకు బూజు పడితే అందరూ అడిగేది ఒకటే: కిటికీలు తెరుస్తున్నారా? గడ్డకట్టే చలిలో కూడా రోజూ కిటికీలు బార్లా తీసి గాలి మార్చాలి. లుఫ్టెన్ అంటారు. కొత్తగా వచ్చిన మనవాళ్లకు అది అలవాటుండదు. తప్పు ఎప్పుడూ అద్దెకున్నవాళ్లదే అవుతుంది. ఆ మాట నాకు సిద్ధంగా దొరికింది.

“లుఫ్టెన్ చేస్తున్నావా అమ్మా నువ్వు? బట్టలు కూడా లోపలే ఆరేస్తున్నావు. ఇవి మన ఊళ్లో ఇళ్లలాంటివి కాదు.”

ఆమె మొహం చిన్నబోయింది. “పొద్దుగాల తెరుస్తున్న అక్కా. చలికి జెల్ది మూస్తున్న కావచ్చు. సారీ అక్కా, మీ గోడంతా ఖరాబు చేసిన.”

“సర్లే, ఇకనైనా చూసుకో.”

“మా అమ్మకు మాత్రం చెప్పకురి. గింత సదువు సదివి కిటికీ తెరుసుడు రాదా నీకు అని ఊరంతా చెప్తది.”

మా ఆయన నవ్వాడు. ఆమె నవ్వుతూ దగ్గింది. నేను కూడా నవ్వాను.

గోడ నేను తుడుస్తానని మర్నాడు ఒంటరిగా దిగాను. అట్ట తడిసి మెత్తబడిపోయి ఉంది. చెత్తడబ్బాలో అన్నిటికంటే అడుక్కి తోసేశాను. ఇక గాలి తిరిగింది. కానీ మౌనిక ఆ చలికాలమంతా కిటికీ మూయలేదు. పాపను స్ట్రోలర్‌లో తిప్పుతూ, నేలమట్టానికి ఉన్న ఆ కిటికీలోంచి చూసేదాన్ని. బయట మంచు పడుతున్నా లోపల ఆమె జాకెట్, టోపీ వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉండేది. మూసెయ్యమ్మా అంటే చాలు. ఎందుకని అడుగుతుందేమోనని అనలేదు.

ఇప్పుడామె హాంబర్గ్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆస్తమా వచ్చింది. బూజు వల్లే అని డాక్టరు చెప్పలేదట, కాదని కూడా చెప్పలేదట. మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చింది. పాప ఆమె ఒళ్లోంచి దిగలేదు. భోజనం మధ్యలో బ్యాగులోంచి ఇన్హేలర్ తీసి పీల్చుకుని, “నా నిర్లక్ష్యమే అక్కా, నేనే తెచ్చుకున్న” అంది. నిజం నా నోటిదాకా వచ్చింది. ఇంకొంచెం పప్పు వెయ్యనా అని అడిగాను.

జాలీ మూసింది తల్లి భయం అనుకుందాం. మరి లుఫ్టెన్ చేస్తున్నావా అన్నది ఎవరు? ఆ రోజు పాపకు ఏ ప్రమాదమూ లేదు. మా ఆయన ముందు నా తెలివికి ప్రమాదం వచ్చింది, అంతే. దానికోసం, తప్పును నన్ను అక్కా అని పిలిచిన పిల్ల మీదికి తోసేశాను.

మౌనిక కిటికీలు తెరిచింది. ఆ గదిని పాడుచేసింది నేను. ఆమెకు చెప్పాల్సిన మాట మీకు చెప్పాను. ఆమెకు చెబుతానో లేదో తెలియదు. చెబుతాననే మరో అబద్ధం రాయను. ఇంత రాశాక నాకు ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది. ఆమెకు ఆడదు.