కిష్టమ్మ కట్టిన ఊసరవెల్లి పాట

హైటెక్ సిటీలోని ఓ అద్దాల ఆఫీసులో తోటపని చేసే కిష్టమ్మకు ఆ రోజు కాలు ఒక్కచోట నిలిస్తే ఒట్టు. పొద్దున్నే హఫీజ్‌పేట్ నుంచి వస్తూనే, వెనక గోడవారనున్న తంగేడు పొద దగ్గరికి పరుగెత్తింది. రెండ్రోజుల కిందట ఓ ఊసరవెల్లి అక్కడే మట్టి తవ్వి, గుడ్లు పెట్టి, కాళ్లతో పూడ్చడం కళ్లారా చూసిన మనిషి మరి!

"సారూ, జర ఆ పొదను ఇడిశిపెట్టుండ్రి. కింద గుడ్లున్నయి," అని, పార్కింగ్ కోసం ఆ పొద తీయించబోతున్న సూపర్‌వైజర్ నరేందర్‌ను బతిమాలింది.

"ఊసరవెల్లి కోసం పార్కింగ్ ఆపాల్నా? అది విషప్పురుగు. రేపు పొద్దుగాల జేసీబీ వస్తది, ఇగ నువ్వు ఫికర్ జెయ్యకు," అని నవ్వేసి పోయాడు నరేందర్.

విషమట విషం! కిష్టమ్మ కూడా ఒకప్పుడు ఆ మాట నమ్మిందే. నాలుగేళ్ల కిందట కొమ్మలు కొడుతుంటే చేతి పక్కనే ఊసరవెల్లి కనబడింది. భయంతో కొడవలి వేటు వేసింది. తీరా చూస్తే దాని కడుపు నిండా గుడ్లే. ఆ పూట అన్నం సయించలేదు. అది కరిచినా విషం ఎక్కదనీ, పురుగుల్ని తిని బతికే అమాయకపు జీవమనీ తర్వాత తెలిసింది. తెలిసి ఏం లాభం?

సాయంత్రం ఆఫీసు ముందు బతుకమ్మ పేర్చారు. రెండు వందల మంది ఆడపిల్లలు పట్టుచీరల్లో దిగారు గానీ, పాట ఒక్కరికీ నోటికి రాదు. ఏటా ముందు పాడేది కిష్టమ్మే. ఆమె ఏది అంటే వాళ్లూ అదే అనాలి. ఆఫీసు ఏర్పాట్లన్నీ చూసే భార్గవి మేడం ఆమెను చెయ్యి పట్టి లాక్కొచ్చింది. "రండి కిష్టమ్మ గారూ, మీరు లేకపోతే ఎలాగండీ!"

రెండు పాత పాటలయ్యాయి. అప్పుడు తట్టింది కిష్టమ్మకు. గొంతెత్తి అందుకుంది.

"తంగేడు పొద కింద ఉయ్యాలో
తల్లి గుడ్లు పెట్టె ఉయ్యాలో
ఊసరవెల్లి తల్లి ఉయ్యాలో
విషము లేని తల్లి ఉయ్యాలో..."

రెండు వందల గొంతులు అదే మాట అందుకున్నాయి. అబ్బో, అద్దాలు అదిరాయంటే నమ్మండి! మెట్ల మీద నిలబడ్డ నరేందర్ మొహం మాడిపోయింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది కిష్టమ్మ.

"తెల్లారితె జేసీబీ ఉయ్యాలో
తవ్వి పారబోసు ఉయ్యాలో..."

అదీ అనేశాక భార్గవి చప్పట్లు ఆపేసింది. "ఆగండాగండి! జేసీబీ ఏంటండీ?"

కిష్టమ్మ ఆమె చెయ్యి పట్టుకుని తంగేడు పొద దగ్గరికి నడిచింది. వెనకాలే జాతర కదిలినట్టు అందరూ కదిలారు. పొదలో ఆకుపచ్చగా కూర్చున్న ఊసరవెల్లి ఒక కన్ను ఇటూ, ఒక కన్ను అటూ తిప్పింది. కెవ్వుమని వెనక్కి దూకినవాళ్లే, "అయ్యో, ఎంత బావుందో!" అంటూ ముందుకు వంగారు. భార్గవి అక్కడికక్కడే నరేందర్‌ను పిలిచి, పార్కింగ్‌ను అవతలి పక్కకు జరపమంది.

మర్నాడు కిష్టమ్మ వచ్చేసరికి నరేందర్ పొద చుట్టూ తాడు కడుతున్నాడు. ఓ అట్టముక్క తీసి, తలెత్తకుండా అడిగాడు. "ఏం రాయాలె చెప్పు కిష్టమ్మా."

"ఈడ తల్లి గుడ్లు పెట్టింది, తొక్కకుండ్రి అని రాయుండ్రి సారూ," అంది కిష్టమ్మ. అని, నాలుగేళ్లుగా లోపల దాచుకున్న ఏడుపంతా నవ్వుకుంటూనే ఏడ్చేసింది.