ఆపరేషన్ నాకు, పరీక్ష ఆమెకు

మా వైపు ఇద్దరు పిల్లలున్న ఆడమనిషి కనబడితే పలకరింపులోనే అడిగేస్తారు, ‘ఆపరేషన్ అయిందా?’ అని. అదే ప్రశ్న మగవాణ్ణి అడిగితే కడుపు తడుముకుని అపెండిక్స్ సంగతి చెబుతాడు. పిల్లలు ఇద్దరి వల్ల పుడతారని ఊళ్లో అందరికీ తెలుసు. పుట్టకుండా ఆపే పని మాత్రం ఒకరిదే. ఈ న్యాయం రాసిందెవరో తెలియదు గాని, రాసినవాడు కచ్చితంగా మగవాడే.

నేను మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసేవాణ్ణి. ఓర్వకల్లు చుట్టుపక్కల ఎక్కడ సభ జరిగినా మైకు దొరికితే వదలను. అటువంటి నా ఇంట్లోనే, మా రెండో పిల్లకు ఏడాది నిండుతుండగా, మా అమ్మ నా భార్య ఆపరేషన్‌కు మంచి రోజు చూడటం మొదలుపెట్టింది.

నా భార్యకు రెండు కాన్పులూ కోతలే. రెండోసారి రక్తం బాగా పోయింది. ఇంకో కాన్పు ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడే ట్యూబులు కట్టేస్తామంటే, పసిబిడ్డ నిలదొక్కుకున్నాక చూద్దామని పెద్దవాళ్లు వద్దన్నారు. బిడ్డ నిలదొక్కుకుంది. తల్లి మాత్రం ఇప్పటికీ మిద్దె మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడుతోంది. ఆ కడుపు మీద మూడోసారి కత్తి పెట్టించడానికి మా అమ్మ క్యాలెండరు తిరగేస్తోంది.

“ఆమెకొద్దు. నేను చేయించుకుంటా” అన్నాను.

“నీకేం జబ్బురా?” అంది అమ్మ.

“జబ్బు కాదమ్మా. పిల్లల ఆపరేషనే. మగవాళ్లకు కూడా చేస్తారు.”

అమ్మ చేతిలోని చాట కింద పెట్టింది. “మొగోనికి యాడన్నా చేస్తారా అట్ల? పొలం పని చేసే ఒళ్లు.”

నేను పొలంలో దిగి శానా ఏళ్లయింది. నా ఒళ్లు మోసే అతి పెద్ద బరువు లాప్‌టాప్ సంచి. ఆ మాట నేను అనలేదు, అమ్మా అనలేదు.

అమ్మ కమలాపురంలోని నా భార్య పుట్టింటికి ఫోన్ చేసింది. మరునాడే మా బావ దిగాడు. నా భార్యకు అన్న. వ్యవసాయం, సిమెంటు వ్యాపారం, బండలాగుడు పోటీలకు పెంచే ఎద్దుల జత, ఇవి ఆయన ఆస్తులు. ఎద్దుల మనిషి గనుక వాదన కూడా అక్కడినుంచే మొదలుపెట్టాడు.

“బావా, కోడెకు బీజాలు నొక్కిస్తే ఏమైతాదో తెలుసునా?”

“ఎద్దు అవుతుంది.”

“తెలిసి గూడా పోతాండావా?”

“అది వేరు, ఇది వేరు. ఇందులో బీజాల జోలికే పోరు. వీర్యకణాలు వచ్చే సన్న గొట్టాలు రెండుంటాయి. వాటిని కత్తిరించి కట్టేస్తారు. మిగతా సరంజామా అంతా ఎక్కడిదక్కడే.”

“కాలవకు అడ్డం కడితే చేను ఎండదా?”

“ఆ చేన్లో ఇంక పంట వద్దనే కదా కట్టేది.”

బావ ఆలోచనలో పడ్డాడు. వాదనలో ఓడిన మగవాడు మా వైపు కాఫీ అడుగుతాడు. బావ కాఫీ అడిగాడు. తాగాక మెల్లగా, “గడ్డం రాలిపోదు గదా?” అన్నాడు.

నువ్వు పసుపు కుంకుమ పెట్టి, మెడలో దండలేసి, ఈలలేస్తూ బండ లాగించే నీ ఎద్దుల సంగతేమిటి, బీజాలు నొక్కించాక వాటికి బలం తగ్గిందా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే ఆయన అక్కడికక్కడే ఒప్పుకునేవాడు. కానీ ఆ పోలిక తప్పు. ఒప్పు పనికి తప్పు కారణం చెప్పి గెలవడం నా పద్ధతి కాదని మింగేశాను. ఇప్పుడనిపిస్తుంది, ఆ ఒక్క అబద్ధం నాకు రెండు నెలల గొడవ తప్పించేదని.

సాయంత్రం మిద్దె మీద ఆరిన బట్టలు తీస్తూ నా భార్య అడిగింది.

“నువ్వు చేయించుకున్నంక నాకు నెల తప్పితే?”

“తప్పదు.”

“తప్పితే అంటాండా. ఎవుర్ని అంటారు? నిన్నా?”

నేను వేదికల మీద గొట్టాల గురించి, హార్మోన్ల గురించి, మగవాడి అహంకారం గురించి గంటల కొద్దీ మాట్లాడాను. ఈ ప్రశ్న ఏ సభలోనూ రాలేదు. సభల్లో ఆడవాళ్లు వెనక వరసలో కూర్చుంటారు, మైకు అక్కడిదాకా పోదు.

“నాకు కత్తికి భయం లేదు,” అంది ఆమె, పిల్ల గౌను మడత పెడుతూ. “కడుపు కోయించుకుంటే నొప్పితో పోతాది. ఇంగో మాట పడితే పోదు.”

అందుకే కర్నూలు డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన నాకు చెప్పబోతుంటే ఆమె అదే ప్రశ్న వేసింది. డాక్టరు కుర్చీ ఆమె వైపు తిప్పుకుని నింపాదిగా చెప్పాడు. ఆపరేషన్ చేయగానే పని అయిపోయినట్టు కాదు. కట్టిన చోటుకు అవతల అప్పటికే చేరిన కణాలు ఇంకా ఉంటాయి. అవి పోవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా కండోమ్ వాడాల్సిందే. తరువాత వీర్యం పరీక్ష చేయించి, కణాలు లేవని తేలితేనే నమ్మాలి. ఆ లోపల గర్భం వస్తే అది భర్త వల్లే కావచ్చు, ఆశ్చర్యపోనక్కర్లేదు. పరీక్ష బాగున్నాక కూడా ఎంతో అరుదుగా గొట్టం మళ్లీ కలుసుకోవచ్చు. నెల ఆలస్యమైతే ముందు ఇద్దరూ వచ్చి పరీక్ష చేయించుకోండి, కొట్లాట తరువాత పెట్టుకోండి అన్నాడు.

తరువాత నా వైపు తిరిగాడు. “ఇది శాశ్వతం. మళ్లీ కలిపే ఆపరేషన్ ఉంది గాని, పిల్లలు పుడతారని హామీ ఇవ్వలేం. రేపు మనసు మారొచ్చు అనిపిస్తే ఈరోజే ఇంటికి పోండి. కోరిక, గడ్డం, గొంతు ఎక్కడికీ పోవు.”

గడ్డం సంగతి బావకు ఫోన్లో చెప్పాను.

ఆపరేషన్ గురించి వీరగాథ ఏమీ లేదు. మత్తు సూది చురుక్కుమంది. ఆపైన నొప్పి లేదు గాని, పొత్తికడుపులోంచి ఎవరో దారం లాగుతున్నట్టు ఒక వికారం. కుట్టు కూడా అక్కర్లేని చిన్న రంధ్రం. నేను భయపడటం పూర్తికాకముందే అయిపోయిందన్నారు. బిగుతైన లోదుస్తులు వేసుకోమన్నారు, ఐసు పెట్టుకోమన్నారు, రెండు రోజులు విశ్రాంతి, వారం పాటు బరువులెత్తవద్దు, కొద్ది రోజులు పక్కకు దూరం, వాపు పెరిగినా జ్వరం వచ్చినా వెంటనే రమ్మన్నారు. అసలు శస్త్రచికిత్స తిరుగు ప్రయాణంలో జరిగింది. ఓర్వకల్లు దాటాక మా ఊరి దారిలో ఆటో ఒక్క గుంతనూ వదల్లేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ సిద్ధంగా ఉంది. పిల్లల ఆపరేషన్ అంటే మా అమ్మకు తెలిసిన పథ్యం ఒక్కటే, బాలింత పథ్యం. ఆపరేషన్ అదే అయినప్పుడు మనిషి మగవాడైతే మాత్రం పథ్యం మారుతుందా? నన్ను గాలి తగలని మూల గదిలో పడుకోబెట్టింది. చెవుల్లో దూది పెట్టి తలకు గుడ్డ చుట్టింది. చన్నీళ్లు ముట్టనివ్వలేదు. అన్నంలోకి వెల్లుల్లి కారం, పొద్దునే బాలింతలు తినే కాయం ఉండ. డాక్టరు చెప్పిన ఐసు తెమ్మంటే, “చలువ చేస్తాది, పాలు విరిగిపోతాయి” అంది అలవాటులో. ఆ పాలు ఎవరివో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మూఢత్వం మీద యుద్ధం చేసే మనిషిని చెవుల్లో దూదితో చూసి నా భార్య నవ్విన నవ్వు, రెండో కాన్పు తరువాత అదే మొదటిసారి విన్నాను. ఐసు ఆమే దొంగచాటుగా తెచ్చిచ్చింది.

బావ చూడటానికి వచ్చి గడప దగ్గరే ఆగాడు. “బిడ్డ యాడ బావా? ఎవురి పోలిక?”

ఆ నవ్వులు ఎక్కువ రోజులు నిలవలేదు. ఇంకా పరీక్ష గడువు రాకముందే నా భార్యకు నెల ఆలస్యమైంది. డాక్టరు చెప్పిన జాగ్రత్త మేం తప్పలేదు. మందుల షాపులో దొరికే గర్భపరీక్ష పట్టీతో చూస్తే లేదని వచ్చింది. రక్తం తక్కువైతే నెల అటూ ఇటూ అవుతుందని మాకు తెలుసు. ఆ పట్టీ చూపిస్తే అమ్మ, “అట్టముక్కకేం తెలుస్తాదిరా?” అని నెలసరి గుడ్డలు లేని దండెం వైపు చూసింది. బావ ఎద్దుల దాణా పని అని చెప్పి వచ్చాడు. దాణా కమలాపురంలో కూడా దొరుకుతుంది. చెల్లెలి ముఖం చూడకుండా కూర్చున్నాడు. ఆమె అన్నం ముందు కూర్చుని లేచిపోయేది.

ఇద్దరి ముందూ నేను కచ్చితంగా చెప్పాను. “నాకింకా పరీక్ష కాలేదు. ఇప్పుడు నిలిచినా అది నా బిడ్డే. ఏమన్నా అనాలంటే నన్ను అనండి.”

“ఎవురేమన్నారు బావా?” అన్నాడు బావ.

నిజమే, ఎవరూ ఏమీ అనలేదు. మా వైపు అనరు. అనకుండానే మనిషిని అరగదీస్తారు.

రెండు రోజుల తరువాత పొద్దున్నే లేచి చూస్తే, నా భార్య వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వీధి వైపు ముఖం పెట్టి కూర్చుని ఉంది. పక్కన విడిగా చెంబు, గ్లాసు.

నెలసరికి ఆడవాళ్లు బయట కూర్చునే ఆచారాన్ని మా ఇంట్లో మాన్పించింది నేనే. పెళ్లయిన కొత్తలో దాని మీద అమ్మతో పెద్ద యుద్ధమే చేశాను. గెలిచానని వ్యాసం కూడా రాసుకున్నాను. ఆ గెలుపు ఇప్పుడు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఎదురింటామె బిందెతో పోతూ ఆగింది. “ఏమమ్మా, బయట కూర్చున్నావే?”

“అవునక్కా, ఈ పొద్దే” అంది నా భార్య, ఊరికంతా వినబడేలా.

ఆ మాట మధ్యాహ్నానికల్లా వీధి చివరిదాకా చేరింది. అమ్మ పరుగున కాఫీ తెచ్చి, ముట్టుకోకుండా, ఎంతో ప్రేమగా దూరం నుంచి వంపింది. ఫోన్లో బావ గొంతు మళ్లీ లేచింది.

నేను దగ్గరికి పోయి, “ఇదేం పని?” అన్నాను మెల్లగా.

“నెల నిజంగానే వచ్చింది. నువ్వు చెప్తే నమ్మలేదు, అట్టముక్క చెప్తే నమ్మలేదు. కుర్చీ చెప్తే నమ్మినారు. పో, లోపల పిల్ల ఏడుస్తాంది చూడు.”

నేను పోయి పిల్లను ఎత్తుకున్నాను. ఆ మూడు రోజులూ వంట నాదీ అమ్మదీ.

గడువు వచ్చాక పరీక్షకు కర్నూలు వెళ్లాం. కణాలు లేవని తేలింది. ఇంక నమ్మవచ్చన్నాడు డాక్టరు. ఆమె మాత్రం అదే మాట మా అమ్మకు కూడా ఫోన్లో చెప్పమంది. ఆయన చెప్పాడు. అమ్మ రెండుసార్లు చెప్పించుకుంది.

ఆ తరువాతి నెల, ఒక పొద్దున నా భార్య వంటింట్లో సంగటి కెలుకుతోంది. దండెం మీద ఆరేసిన నెలసరి గుడ్డలు అమ్మ చూడనే చూసింది. గడప దగ్గర నిలబడి అడిగింది.

“ఏమ్మా, ఈ నెల కుర్చీ వేసుకోవా?”

“ఇంగ అక్కర్లేదత్తా” అంది ఆమె, తెడ్డు ఆపకుండా.